అరవైలో మఠం వేసుకోవాలంటే

గజపతినగరంలో ఏ ఇంట సత్యనారాయణ వ్రతం జరిగినా ఒక ముచ్చట తప్పదు. దంపతులు పీటల మీద కూర్చుంటారు. వినాయకుడి పూజ అయ్యేసరికి ఇంటాయన ఒక కాలు మెల్లగా ముందుకు చాపుతాడు. రెండో కథకి రెండో కాలూ బయటికొస్తుంది. మూడో కథ మధ్యలో తుంటి మీద అటూ ఇటూ జరుగుతాడు. అయిదో కథ ముగిసి తీర్థం పుచ్చుకునే వేళకి లేవడానికి ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. ఆయనకి ఇంకా అరవై రాలేదు. అందుకే ఈమధ్య పురోహితుడే ముందుగా అడిగేస్తున్నాడు, "కుర్చీలు వేయించమంటారా బాబూ?" అని.

అదే ఊరి పొలిమేర దాటి చంపావతి దిక్కుకి వెళ్తే, వానలు పడి ఉభాలు సాగే రోజుల్లో, అరవై దాటిన ఆడవాళ్ళు పిక్కల దాకా బురదలో దిగి, నడుం వంచి, గంటల తరబడి నాట్లు వేస్తుంటారు. మధ్యాహ్నం గట్టు మీద గొంతుక్కూర్చుని అన్నం తిని, చెయ్యి కడుక్కుని, ఎవరి సాయమూ లేకుండా లేచి మళ్ళీ మడిలోకి దిగుతారు. పుట్టిన సంవత్సరాలు లెక్కేస్తే వాళ్ళే పెద్దవాళ్ళు.

అలాగని పొలం పని చేసేవాళ్ళ ఒళ్ళంతా సాగుతుందని అనుకోనక్కర్లేదు. అంత సులువుగా నడుం వంచే మనిషిలోనే, చెయ్యి పూర్తిగా పైకెత్తి అటక మీది బిందె అందుకోమంటే భుజం పట్టేసేవాళ్ళు ఉంటారు. నాటు వేయడానికి నడుమూ తుంటీ వంగాలి, భుజం తల మీదికి లేవనక్కర్లేదు. శరీరం రోజూ వాడే వంపులని నిలబెట్టుకుంటుంది, అడగని వంపులని వదిలేస్తుంది. ఈ లెక్కలో వయసుకీ వాటా ఉంది. ఆ వాటా ఎంతో తెలియకపోవడం వల్లే చాలామంది యాభైకే ఆశ వదిలేసుకుంటున్నారు.

వయసు పెరిగితే ఒళ్ళు సాగడం ఆగిపోదు. ఎంతసేపు లాగిపట్టాలి, పక్కన ఇంకేం చేయాలి, అసలు దేనికోసం సాగదీయాలి అన్న మూడూ మారతాయి. ఈ అధ్యాయం ఆ మూడింటి గురించి.

వయసు వాటా ఎంత

కెనడాలో 55 నుంచి 86 ఏళ్ళ మధ్య వయసున్న 436 మంది కీళ్ళ కదలికలని కొలిచి, ఆ ఫలితాలని 2013లో ప్రచురించారు. చెయ్యిని పక్క నుంచి పైకెత్తే కోణం పదేళ్ళకి మగవాళ్ళలో సుమారు 5 డిగ్రీలు, ఆడవాళ్ళలో 6 డిగ్రీలు తగ్గింది. తొడని పొట్ట వైపు మడిచే కోణం మగవాళ్ళలో 6, ఆడవాళ్ళలో 7 డిగ్రీలు తగ్గింది. మగవాళ్ళలో డెబ్బై చుట్టుపక్కల నుంచి ఈ తగ్గుదల జోరందుకుంటుంది.

అంటే యాభై అయిదు నుంచి డెబ్బై అయిదుకి వెళ్ళేసరికి భుజం కోల్పోయేది పది పన్నెండు డిగ్రీలు. చెయ్యి నిటారుగా పైకెత్తడమంటే 180 డిగ్రీలు. అందులో పన్నెండు పోతే అటక మీది డబ్బా కాస్త దూరమవుతుంది, అంతే. వ్రతం పీట మీద పావుగంట కూడా కూర్చోలేకపోవడానికి ఈ తరుగుదల ఒక్కటే కారణమంటే నమ్మడం కష్టం. మిగతా లెక్క ఆఫీసు కుర్చీ, మోటారు సైకిల్, సోఫా, డైనింగ్ టేబుల్, కమోడ్ ఖాతాల్లోకి పోతుంది. నలభై ఏళ్ళ క్రితం ఇదే ప్రాంతంలో మనిషి రోజుకి పదిసార్లు నేల మీద కూర్చుని లేచేవాడు. ఇప్పుడు చాలామంది ఏడాదికి పదిసార్లు కూడా కూర్చోవడం లేదు.

లోపల జరిగేది ఇది. కండరాన్ని ఎముకకి కట్టిపడేసే స్నాయువులు, కీలు చుట్టూ ఉండే సంచి, కండరంలోని పొరలు, ఇవన్నీ ప్రధానంగా కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులతో తయారవుతాయి. వయసు మీద పడేకొద్దీ ఈ పోగుల మధ్య అడ్డలింకెలు పెరుగుతాయి, అందుకని ఒకదాని మీద ఒకటి జారడం తగ్గుతుంది. కండ కరిగిపోతూ ఆ చోటుని కొవ్వూ గట్టి పీచూ ఆక్రమిస్తాయి. మృదులాస్థి అరుగుతుంది. వీటిలో కొన్నిటిని స్ట్రెచింగ్ అసలు వెనక్కి తిప్పలేదు. కానీ ఒళ్ళు వంగడం ఈ పోగుల మీద మాత్రమే ఆధారపడి లేదు. అసలు కథ అక్కడే ఉంది.

ఎనభై దాటాక సాగిన కాళ్ళు

మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత పిల్లల పెంపకం గురించి పుట్టింది. దాన్ని తీసుకొచ్చి తొడ వెనక కండరానికి అంటగట్టడంతో ఎందరో ప్రయత్నమే మానేశారు. ఆ అన్వయం ఎంత తప్పో 2001లో అమెరికాలో బ్రెంట్ ఫెలాండ్ బృందం చేసిన ప్రయోగం చూస్తే తెలుస్తుంది.

వాళ్ళు ఎంచుకున్న 62 మందీ 65 దాటినవాళ్ళు. సగటు వయసు 84 ఏళ్ళ పైమాటే, అందరిలోకీ పెద్దవాళ్ళకి 97. అందరికీ తొడ వెనక కండరాలు బిగుసుకుపోయి ఉన్నాయి. వాళ్ళని నాలుగు జట్లు చేశారు. ఒక జట్టు ఏమీ చేయలేదు. మిగతా మూడు జట్లూ వారానికి అయిదు రోజులు, రోజుకి నాలుగుసార్లు, ఆరు వారాల పాటు ఆ కండరాన్ని సాగదీశాయి. తేడా ఒక్కటే: ఒక జట్టు ప్రతిసారీ 15 సెకన్లు పట్టి ఉంచితే, ఇంకొకటి 30, మూడోది 60. పదిహేను సెకన్ల వాళ్ళకి వారానికి సుమారు 0.6 డిగ్రీ పెరిగింది. ముప్పై సెకన్ల వాళ్ళకి 1.3. నిమిషం పట్టినవాళ్ళకి 2.4. ఆ లెక్కన ఆరు వారాలకి పద్నాలుగు డిగ్రీలు. ఆ తర్వాత నెల రోజులు ఆపేసినా, కొంతైనా బాగా నిలబెట్టుకున్నది నిమిషం జట్టే.

ఇదే కండరం మీద 1994లో బ్యాండీ, ఇరియన్ అనే ఇద్దరు పరిశోధకులు 21 నుంచి 37 ఏళ్ళ వాళ్ళతో ఆరు వారాల ప్రయోగం చేశారు. అక్కడ 30 సెకన్లు పట్టినా 60 సెకన్లు పట్టినా ఫలితం ఒక్కటే. కుర్రవాళ్ళకి అర నిమిషం సరిపోయింది, పెద్దవాళ్ళకి పూర్తి నిమిషం కావలసివచ్చింది. వయసు ప్రభావం ఏమిటని ఎవరైనా ఒక్క ముక్కలో అడిగితే, ఈ రెండు ప్రయోగాలని పక్కపక్కన పెట్టి ఆ అర నిమిషం తేడా చూపించవచ్చు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ మార్గదర్శకాలు కూడా మామూలు పెద్దవాళ్ళకి 10 నుంచి 30 సెకన్లు చాలంటూ, వయోధికులకి 30 నుంచి 60 సెకన్లు మేలని చెబుతాయి.

ఇటీవల ఆస్ట్రేలియాకి చెందిన లూయిస్ ఇంగ్రమ్ బృందం 189 అధ్యయనాలని, వాటిలోని 6,654 మంది వివరాలని కలిపి చూసింది. స్ట్రెచింగ్ వల్ల వచ్చే లాభాన్ని వయసు గానీ, ఆడా మగా తేడా గానీ, ఎంత గట్టిగా లాగారన్నది గానీ చెప్పుకోదగ్గంతగా మార్చలేదని తేల్చింది. పైగా మొదట్లో ఎవరి ఒళ్ళు ఎక్కువ బిగుసుకుని ఉందో వాళ్ళకే లాభం ఎక్కువ. ఒక కండరానికి వారం మొత్తం మీద పది నిమిషాలు దాటి చేసినా అదనంగా వచ్చేదేమీ కనిపించలేదు. అయితే ఆ 6,654 మంది సగటు వయసు ఇరవై ఏడు లోపే. కాబట్టి డెబ్బై ఏళ్ళ మనిషి ఈ పది నిమిషాల లెక్కని అడుగు మెట్టుగా తీసుకుని, ఫెలాండ్ ప్రయోగంలోని పూర్తి నిమిషం పట్టుని దానికి జోడించుకోవడం మంచిది.

ఇంత తక్కువ కాలంలో ఎనభై అయిదేళ్ళ కొల్లాజెన్ పోగులు కొత్తవైపోయాయా? లేదు. మొదటి ఆరేడు వారాల్లో వచ్చే లాభంలో పెద్ద వాటా నాడీ వ్యవస్థది. కండరం ఒక హద్దు దాటి సాగుతుంటే మెదడు ప్రమాదం అనుకుని "చాలు" అంటుంది. నొప్పి, బిగుతు, వణుకు అన్నీ ఆ ఆజ్ఞలే. రోజూ అదే హద్దు దగ్గర ప్రశాంతంగా నిమిషం ఆగితే, అక్కడ ముప్పేమీ లేదని మెదడు నేర్చుకుని హద్దుని కాస్త వెనక్కి జరుపుతుంది. ఈ నేర్చుకునే గుణం ఎనభైలోనూ ఉంటుంది. గట్టిగా ఊగుతూ, పళ్ళు బిగబట్టి లాగితే మాత్రం మెదడు భయపడి హద్దుని ఇంకా ముందుకే లాక్కుంటుంది.

కొండవెలగాడ చెప్పే సంగతి

గజపతినగరానికి దగ్గర్లోనే, నెల్లిమర్ల మండలంలో కొండవెలగాడ ఉంది. చిన్న ఊరే గానీ వెయిట్‌లిఫ్టింగ్‌లో పెద్ద పేరు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చిన మత్స సంతోషి ఈ ఊరి అమ్మాయే. కాంస్యం అందుకుంది, మొదటి స్థానంలో నిలిచిన క్రీడాకారిణి డోపింగ్‌లో దొరికిపోవడంతో అది రజతమైంది. పక్క జిల్లా ఆమదాలవలస ప్రాంతంలోని ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన సంగతి తెలుగువాళ్ళకి కొత్త కాదు.

సాగదీయడం గురించిన అధ్యాయంలో బరువులెత్తేవాళ్ళ ప్రస్తావన ఎందుకంటే, స్నాచ్ ఎత్తేటప్పుడు వాళ్ళ భంగిమని ఒక్కసారి గమనించాలి. పిరుదులు మడమలకి తగిలేంత కిందికి దిగి, పాదాలు నేలకి పూర్తిగా ఆన్చి, వెన్ను నిటారుగా నిలిపి, రెండు చేతులూ తల మీదికి చాపి ఉంటారు. చీలమండ, మోకాలు, తుంటి, భుజం, నాలుగూ వాటి చివరి హద్దు దాకా తెరుచుకుంటేనే ఆ భంగిమ కుదురుతుంది. అక్కడ పది సెకన్లు నిలబడలేని మనిషి యోగా తరగతిలో ఎంత వంగినా లిఫ్టర్ కాలేడు. వంపూ బలమూ ఒకేచోట ఉండడం అంటే అది.

పోర్చుగల్ పరిశోధకుడు జోసె అఫోన్సో బృందం 2021లో చేసిన విశ్లేషణ కూడా ఇదే మాట చెప్పింది. బలం వ్యాయామం, స్ట్రెచింగ్ దాదాపు ఒకే మేరకి వంపుని పెంచాయి. ఇది అరవై దాటినవాళ్ళకి పెద్ద కబురు. ఆ వయసులో కండ కరిగిపోవడమే మొదటి శత్రువు. పడుకుని కాలు పైకి సాగదీసి వంద డిగ్రీలు సంపాదించినా, ఆ కోణంలో కాలిని నిలిపే బలం లేకపోతే మెట్టెక్కేటప్పుడు అది పనికిరాదు. విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను సంబరంలో గుండెకి రేకు వాయిద్యం కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో వంగి ఎగిరి ఆడే తప్పెటగుళ్ళ కళాకారుల ఒంటికి పట్టు ఇచ్చేదీ ఇలాంటి కదలికే. వాళ్ళెవరూ కూర్చుని కాళ్ళు సాగదీసుకోరు. పూర్తిగా వంగి, ఆ వంపులోంచే లేస్తారు.

చిన్నప్పుడు మొదలెట్టినవాళ్ళూ, తర్వాత మొదలెట్టినవాళ్ళూ

కోయంబత్తూరుకి చెందిన వి. నానమ్మాళ్ 98 ఏళ్ళ వయసులో 2018లో పద్మశ్రీ అందుకున్నారు. చివరి ఏళ్ళ దాకా ఆసనాలు నేర్పారు. ఆవిడ వీడియోలు చూసి చాలామంది అరవై ఏళ్ళవాళ్ళు ఉత్సాహంగా చాప పరుస్తారు, రెండో రోజుకి నడుం పట్టేసి చుట్టేస్తారు. ఆవిడ ఎనిమిదేళ్ళప్పుడు తండ్రి దగ్గర మొదలుపెట్టి మధ్యలో మానలేదన్నది మర్చిపోతారు. ఉన్నదాన్ని కాపాడుకోవడం వేరు, పోయినదాన్ని తెచ్చుకోవడం వేరు. నానమ్మాళ్ మొదటిదానికి ఉదాహరణ.

రెండోదానికి దగ్గరగా యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్‌ని చెప్పుకోవచ్చు. చిన్నతనంలో మలేరియా, టైఫాయిడ్, క్షయ వరసగా పీడించి, పదిహేనేళ్ళ వయసులో మైసూరులో తన గురువు కృష్ణమాచార్య దగ్గరికి చేరేసరికి ఆయన ఒళ్ళు కొయ్యబారి ఉంది. ముందుకి వంగితే చేతులు నేలకి ఆనేవి కావు. అలాంటి మనిషి తొంభై దాటాక కూడా సాధన ఆపలేదు, 2014లో 95 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. వంగనివాళ్ళకి ఆయన చేసిన ఉపకారం మరొకటుంది. బెల్టు, చెక్క ఇటుక, కుర్చీ, మడిచిన దుప్పటి, గోడకి కట్టిన తాడు, ఇవన్నీ ఆసనంలో భాగమేనని ఆయన పద్ధతి ఒప్పుకుంది. చెయ్యి పాదాన్ని అందుకోకపోతే మధ్యలో బెల్టు ఉంటుంది. సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ఎంత సాధన చేసినా మారనివీ కొన్ని ఉన్నాయి. పుట్టినప్పుడు తొడ ఎముక మెడ దగ్గర సుమారు 40 డిగ్రీల మెలిక ఉంటుంది. పెరిగేకొద్దీ అది తగ్గి పెద్దయ్యేసరికి 15 డిగ్రీల దగ్గర స్థిరపడుతుంది. ఇది మనిషి మనిషికీ మారుతుంది. ఎముక ఎదగడం ఆగాక ఆ మెలికని ఏ స్ట్రెచింగూ మార్చలేదు. కూచిపూడి నేర్చుకునే ఇద్దరు పిల్లల్లో ఒకరికి అరమండి సునాయాసంగా వచ్చి, ఇంకొకరికి ఎంత తిట్టినా మోకాళ్ళు పక్కకి తెరుచుకోకపోవడానికి ఒక కారణం ఇదే. అరవై ఏళ్ళ మనిషి పద్మాసనం కోసం మోకాలిని చేత్తో కిందికి అదిమితే తుంటి తెరుచుకోదు. ఆ ఒత్తిడంతా మోకాలి మీద పడుతుంది. సాగుతున్నప్పుడు కండరం పొట్టలో లాగుతున్నట్టు అనిపిస్తే సరే. కీలు లోపల గుచ్చినట్టో నొక్కినట్టో ఉంటే అది ఎముక హద్దు, అక్కడ ఆగాలి.

నమస్కారంతో ఒక పరీక్ష

రెండు అరచేతులూ ఛాతీ ముందు కలిపి నమస్కారం పెట్టి, పక్క నుంచి ఎవరినైనా చూడమనాలి. అరచేతులూ వేళ్ళూ మొత్తం ఆనాలి. వేళ్ళ కణుపుల దగ్గర సందు మిగిలి, ఎంత నొక్కినా కలవకపోతే, ఆ మనిషికి మధుమేహం ఉందేమో చూపించుకోమని వైద్యులు చెబుతారు. రక్తంలో ఎక్కువైన చక్కెర కొల్లాజెన్‌కి అతుక్కుని అడ్డలింకెలని పెంచుతుంది. వయసు ముప్పై ఏళ్ళలో చేసే పనిని అది చాలా ముందే చేసేస్తుంది. భుజం బిగుసుకుపోయే ఫ్రోజెన్ షోల్డర్ కూడా మధుమేహులకి మిగతావాళ్ళకన్నా చాలా ఎక్కువగా వస్తుంది. ఇలాంటివాళ్ళు ఎంత సాగదీసినా, చక్కెర అదుపులోకి రానిదే ఫలితం నత్తనడకే.

ఇంకో జాగ్రత్త ఎముక గుల్లబారిన ఆడవాళ్ళకి. ముట్లుడిగాక వెన్నెముక బలహీనపడిన 59 మంది మీద 1984లో సినాకి, మికెల్సన్ అనే పరిశోధకులు చేసిన అధ్యయనం ఇప్పటికీ వైద్యులు గుర్తు చేసుకుంటారు. వెన్నుని వెనక్కి విరిచే వ్యాయామాలు చేసినవాళ్ళలో 16 శాతం మందికే వెన్నుపూసల్లో కొత్త పగులు కనిపించింది. ముందుకి గుండ్రంగా వంగే వ్యాయామాలు చేసినవాళ్ళలో అది 89 శాతం. పశ్చిమోత్తానాసనంలో తల మోకాళ్ళకి తగలాలన్న పంతం ఆ ఎముకలకి పనికిరాదు. నడుం వంచకుండా తుంటి దగ్గర మడిచి, వెన్ను తిన్నగా ఉంచి చేయాలి. మోకాలు మార్పిడి చేయించుకున్నవాళ్ళు నేల మీద కూర్చునే ముందు సర్జన్ చెప్పిన హద్దు తెలుసుకోవాలి. పొద్దున్న లేవగానే వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చి ఉబ్బి ఉంటాయి గనుక మొదటి గంటలో బాగా ముందుకి వంగే పనులు పెట్టుకోకపోవడం మంచిది. సాయంత్రం పది నిమిషాలు నడిచొచ్చి, ఒళ్ళు వెచ్చబడ్డాక చేస్తే నయం.

నాలుగు కదలికలు

మొదటిది పిక్కకి. గోడకి రెండు చేతులూ ఆన్చి, ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టాలి. వెనక కాలి మోకాలు తిన్నగా, మడమ నేలకి అతుక్కుని ఉండాలి. మెల్లగా గోడ వైపు వాలితే పిక్కలో లాగుడు తెలుస్తుంది. చీలమండ వంగకపోతే గొంతుక్కూర్చోవడం కుదరదు, పాదం సరిగా లేవక గుమ్మం తట్టుకుంటుంది. డెబ్బై అయిదు దాటినవాళ్ళు అన్నిటికన్నా ముందు దీన్నే మొదలెట్టాలి.

రెండోది తొడ వెనక కండరానికి. చాప మీదో, దిగలేకపోతే మంచం మీదో వెల్లకిలా పడుకోవాలి. ఒక పాదానికి కండువా మధ్యభాగం తగిలించి, రెండు కొసలూ చేతుల్తో పట్టుకుని, కాలిని పైకి తీసుకోవాలి. మోకాలు కొద్దిగా వంగినా పరవాలేదు. రెండో కాలు నేల మీద చాపే ఉండాలి. తల, భుజాలు పైకి లేస్తున్నాయంటే కండువా మరీ దగ్గరగా పట్టుకున్నట్టు, కాస్త వదలాలి.

మూడోది తుంటికి. అలాగే పడుకుని, ఎడమ చీలమండని కుడి మోకాలి మీద ఆన్చి, కుడి తొడని రెండు చేతులతో ఛాతీ వైపు తెచ్చుకోవాలి. ఎడమ పిరుదు లోపల లాగాలి. మోకాలిలో నొప్పి వస్తే చీలమండని ఇంకాస్త కిందికి జరపాలి. మఠం వేసుకోవడానికి దారి తెరిచేది ఇదే.

నాలుగోది భుజానికి. గోడకి ఎదురుగా నిలబడి, వేళ్ళని గోడ మీద పైకి పాకిస్తూ పోవాలి. ఆగిన చోట నిమిషం ఉండి, వేళ్ళు గోడని వదిలి చెయ్యిని అయిదు సెకన్లు గాల్లోనే నిలపాలి. ఆ అయిదు సెకన్లే బలం పాఠం.

మోతాదు లెక్క తేలిక. నలభైలోపువాళ్ళు ఒక్కో వైపూ అర నిమిషం చొప్పున మూడు నాలుగుసార్లు పట్టొచ్చు. అరవై దాటినవాళ్ళు పూర్తి నిమిషం చొప్పున రెండుసార్లు, వారానికి అయిదు రోజులు. అలా ఒక్కో కండరానికీ వారానికి పది నిమిషాలు వస్తాయి. ఓపిక ఉన్నవాళ్ళు ఫెలాండ్ ప్రయోగంలోలా నాలుగుసార్లకి పెంచుకోవచ్చు. లాగుడు తెలియాలి గానీ ముఖం చిట్లించేంత కాదు. ఊపిరి బిగబట్టకూడదు. ఊగుతూ లాగడం ఎవరికీ అక్కర్లేదు.

దీనికి వారానికి రెండు మూడు రోజులు బలం జోడించాలి. కుర్చీ మీంచి చేతులు వాడకుండా లేచి, మూడు సెకన్లలో మెల్లగా కూర్చోవడం పదిసార్లు. అది అలవాటయ్యాక కుర్చీ బదులు ఎత్తు తక్కువ స్టూలు. ఆ తర్వాత మడిచిన దుప్పటి మీద పెట్టిన పీట, చివరికి పీట ఒక్కటే. నేల మీదికి దిగడం ఇలా మెట్లు మెట్లుగా జరగాలి, ఒక్కరోజులో కాదు.

2025 జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవం నాడు విశాఖ ఆర్కే బీచ్ నుంచి విజయనగరం జిల్లా భోగాపురం దాకా 3 లక్షల మందికి పైగా ఒకేసారి ఆసనాలు వేశారు. దానికి ముందు నెల రోజుల పాటు యోగాంధ్ర పేరుతో ఊరూరా శిక్షణ సాగింది. ఆ నెలలో మొదటిసారి చాప పరిచినవాళ్ళలో ఎందరో తర్వాతి వారాల్లో మానేసి ఉంటారు. ఫెలాండ్ ప్రయోగంలోని పెద్దవాళ్ళకి డిగ్రీలు తెచ్చిపెట్టింది ముప్పై సెషన్లు. ఒక ఉత్సవం రోజు వాటికి బదులు కాదు.

కొలుచుకోవడం, కొనసాగించడం

కొలత లేకపోతే పెద్దవాళ్ళు తొందరగా విసిగిపోతారు, ఎందుకంటే మార్పు వారానికి రెండు డిగ్రీలే. గోడ మీద చెయ్యి ఎంత దాకా పాకిందో పెన్సిల్‌తో గీత గీసుకుని తేదీ వేసుకోవాలి. నెలకోసారి చాలు.

కాస్త ధీమా ఉన్నవాళ్ళు, పక్కన ఒకరిని నిలబెట్టుకుని, బ్రెజిల్ వైద్యుడు క్లాడియో అరౌజో ప్రాచుర్యంలోకి తెచ్చిన కూర్చుని లేచే పరీక్ష చేసుకోవచ్చు. కూర్చోవడానికి 5 మార్కులు, లేవడానికి 5. చెయ్యి, మోకాలు, ముంజేయి ఏది నేలకి ఆన్చినా ప్రతిదానికీ ఒక మార్కు తీసేయాలి. తూలితే అర మార్కు. 51 నుంచి 80 ఏళ్ళ వాళ్ళు 2,002 మందిని ఆరేళ్ళకి పైగా గమనించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, 3 లేదా అంతకన్నా తక్కువ మార్కులు వచ్చినవాళ్ళ మరణాల రేటు 8 లేదా అంతకన్నా ఎక్కువ వచ్చినవాళ్ళకన్నా అయిదు రెట్లకి పైగా ఉంది. ఆయన బృందమే 2024లో 46 నుంచి 65 ఏళ్ళ వాళ్ళు 3,139 మంది కీళ్ళ వంపుల్ని కొలిచి, బాగా వంగేవాళ్ళు ఎక్కువకాలం బతికినట్టు చూపింది. వీటిని చూసి ఒళ్ళు సాగదీస్తే ఆయుష్షు పెరుగుతుందని అనుకోకూడదు. ఆరోగ్యంగా, చురుగ్గా ఉన్నవాళ్ళకే ఒళ్ళు వంగుతూ ఉండొచ్చు. తక్కువ మార్కులు వస్తే మాత్రం దాన్ని బలం, తూకం, వంపు మూడింటిలో ఏది పోయిందో వెతుక్కోవడానికి వాడుకోవచ్చు. కూర్చునేటప్పుడు ధబ్బున పడిపోతుంటే తొడల బలం తక్కువ. మడమలు లేచిపోతుంటే పిక్క బిగుతు. తూలుతుంటే తూకం.

మానేస్తే సంపాదించింది పోతుంది, ఇది కుర్రవాళ్ళకీ పెద్దవాళ్ళకీ ఒకటే. జ్వరం వచ్చి పది రోజులు పడుకున్నా, మనవడి పెళ్ళికి పదిహేను రోజులు ఊరెళ్ళినా గోడ మీది గీత కిందికి దిగుతుంది. తిరిగొచ్చిన రోజునే పాత గీత అందుకోవాలని లాగితే కండరం పట్టేసి ఇంకో వారం పోతుంది. మొదటి వారం అర నిమిషం పట్టు, రోజుకి రెండుసార్లు, పిక్కా భుజమూ మాత్రమే. రెండో వారం నిమిషానికి పెంచి తొడనీ తుంటినీ కలపాలి. మూడో వారం నుంచి స్టూలు మీద కూర్చుని లేవడం మళ్ళీ మొదలుపెట్టవచ్చు. విష జ్వరాల తర్వాత కీళ్ళు వాచి, వెచ్చగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే అది బిగుతు కాదు, వాపు. అది తగ్గేదాకా వైద్యుడి మాట ప్రకారం కీలుని నొప్పి లేనంత మేర కదిలించడం తప్ప సాగదీయకూడదు.